ఫిజియోథెరపీ క్లినిక్ లెక్క: పదహారో సిట్టింగ్ నుంచే లాభం

సాయంత్రం ఆరున్నరకు బెడ్లన్నీ నిండి, బయట కుర్చీల్లో ఇంకో నలుగురు కూర్చుని ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్ కూడా నెలాఖరుకు అద్దె కోసం తడుముకుంటుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రద్దీ అందరికీ కనిపిస్తుంది, ఖాళీ ఎవరికీ కనిపించదు. పదకొండు నుంచి నాలుగింటి దాకా అవే బెడ్లు ఎంతసేపు బోసిగా ఉన్నాయో, పది సిట్టింగులు రాయించుకున్నవాళ్లలో ఎంతమంది నాలుగో రోజుకే మానేశారో రాసి పెట్టుకునే క్లినిక్‌లు తక్కువ.

మందుల షాపులో ఈ రోజు అమ్ముడుపోని మాత్రల అట్ట రేపు అమ్ముడుపోతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర అమ్మకానికి ఉన్నది చదువుకున్న చేతుల సమయం. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఎవరూ రాకపోతే ఆ ముప్పావు గంట పోయినట్టే, బుధవారానికి దాచుకోవడం కుదరదు. క్లినిక్ రాబడి, ఖర్చు అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి ఎంతమంది పేషెంట్లు ఉన్నారన్న ప్రశ్న కన్నా, ఈ నెల ఎన్ని సిట్టింగులు జరిగాయన్న ప్రశ్నే ముందు అడగాలి.

విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లో నాలుగు బెడ్ల క్లినిక్ ఒకటి ఊహించుకుందాం. అంకెలు ఊరినీ వీధినీ బట్టి మారతాయి. ఇవి లెక్క తేలడానికి వేసుకున్నవి మాత్రమే. నెలకు అద్దె 30,000 రూపాయలు. ఒక జూనియర్ ఫిజియోథెరపిస్టు జీతం 22,000. రిసెప్షన్‌కు 13,000, ఆయాకు 7,000. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కలిపి 8,000. జెల్, ఎలక్ట్రోడ్లు, దుప్పట్ల ఉతుకు, మెషిన్ల రిపేర్లు 6,000. మెషిన్లకూ ఇంటీరియర్‌కూ తెచ్చిన అప్పు మీద నెల వాయిదా 14,000. మొత్తం లక్ష. సిట్టింగ్‌కు 400 చొప్పున ఈ లక్ష రావాలంటే నెలకు 250 సిట్టింగులు కావాలి. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే రోజుకు పది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, పదకొండోది లాభం అనుకుంటారు. యజమాని పొద్దున్నుంచి రాత్రి దాకా స్వయంగా పేషెంట్లను చూస్తుంటే ఆ కష్టానికి జీతం ఎవరివ్వాలి? అదే మనిషి ఏదైనా పెద్ద ఆసుపత్రిలో చేరితే ఎంత వస్తుందో, కనీసం అంత ఖర్చు కింద రాసుకోవాలి. 50,000 అనుకుందాం. అది ఇంకో 125 సిట్టింగులు, రోజుకు ఐదు. అంటే పదిహేను దాటి పదహారోది జరిగినప్పుడే వ్యాపారం లాభంలో పడుతుంది. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు రోజుకు చెరో పది మందిని శ్రద్ధగా చూడగలరనుకుంటే పై హద్దు ఇరవై. లాభమంతా ఆ చివరి ఐదు సిట్టింగుల్లోనే ఉంది. నెలకు 50,000.

ఆ ఇరవై మందిలో రోజుకు నలుగురు రాలేదనుకోండి. హాజరు పట్టీలో తగ్గింది ఐదో వంతే. లాభంలో మాత్రం ఐదింట నాలుగు వంతులు ఎగిరిపోయి 10,000 మిగులుతుంది. ఊళ్లు ఖాళీ అయ్యే సంక్రాంతి నెలలో ఐదు రోజులు క్లినిక్ బోసిపోయినా అంతే, పోయేది 40,000. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో వేసవి కూడా పలచబడుతుంది. ఈ పల్లాలు క్యాలెండర్ చూస్తే ముందే తెలిసేవి. నిండుగా నడిచిన నెలల్లో మిగిలినది పక్కన పెట్టకుండా కొత్త మెషిన్‌కు అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లకు ఫిబ్రవరి మొదటి వారంలో చేబదులు తప్పదు.

నాలుగో రోజుకు మానేసేవాళ్లు

"నాలుగు రోజులు కరెంటు పెట్టించుకున్నా, తగ్గింది" అనే మాట తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. పేషెంటు దృష్టిలో చికిత్స అంటే ఆ మెషిన్, వైద్యం అయిపోవడమంటే నొప్పి పోవడం. శరీరం లెక్క వేరు. నొప్పి ముందు తగ్గుతుంది, కీలు కదలిక, కండరం బలం తర్వాత వస్తాయి. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లకు మొదటి వారాల్లో రావాల్సిన వంపు రాకపోతే తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే భుజం పట్టేయడం నెలల తరబడి సాగే వ్యవహారం. మధ్యలో మానేసినవాళ్లకు రెండు మూడు నెలల తర్వాత నొప్పి తిరగబెడుతుంది. అప్పుడు తిట్టేది తాము మానేసిన సంగతిని కాదు, ఫిజియోథెరపీని.

క్లినిక్‌కు ఇది రెండు విధాల నష్టం. పదికి నాలుగే జరిగితే 2,400 రూపాయల ఆదాయం అప్పటికప్పుడు పోతుంది. పూర్తిగా కోలుకున్న పేషెంటు తీసుకురాగలిగిన పక్కింటివాళ్లు, బంధువులు కూడా పోతారు. కొత్త పేషెంట్లను రప్పించడానికి పాంప్లెట్లకూ ఫేస్‌బుక్ ప్రకటనలకూ ఖర్చు పెట్టే క్లినిక్‌లు, ఉన్నవాళ్లు ఎందుకు జారిపోతున్నారో చూడకపోవడం విచిత్రం. రాయించుకున్న సిట్టింగుల్లో ఎన్ని పూర్తయ్యాయన్న నిష్పత్తి ఒక్కటి నెలనెలా చూసుకుంటే ఆ క్లినిక్ ఎటు పోతోందో తెలిసిపోతుంది.

మానేయడానికి డబ్బు ఒక కారణం, దూరం ఒక కారణం. అయితే యజమాని చేతిలో ఉన్న కారణం ఒకటుంది: మొదటి రోజు విషయం చెప్పకపోవడం. ఎన్ని రోజులు పడుతుంది, మొత్తం ఎంతవుతుంది, ఏది సాధించాక ఆపేయొచ్చు అన్న మూడూ తెలియని పేషెంటు నొప్పి తగ్గిన రోజే ఆపేస్తాడు. అతని వైపు నుంచి చూస్తే అది సబబే. భుజం ఈ రోజు 70 డిగ్రీలు లేస్తోంది, జుట్టు దువ్వుకోవాలన్నా పైఅర నుంచి డబ్బా అందుకోవాలన్నా ఇంకా చాలా లేవాలి అని కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ పెట్టి చూపించి, ఆరో రోజు మళ్లీ కొలిచి కాగితం మీద గీత గీస్తే చర్చ నొప్పి నుంచి పనివైపు మళ్లుతుంది. ఇది మంచి వైద్యం కూడా. వ్యాపారానికీ వైద్యానికీ ఒకే పని అక్కరకొచ్చే చోట్లు ఎక్కువ ఉండవు, ఉన్నవాటిని వదులుకోకూడదు.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగు ఫిజియోథెరపిస్టులకు ఈ కొలతలూ రాతలూ బాగా అలవాటు. అలవాటు అనడం కన్నా తప్పనిసరి అనడం సరైనది. అక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో వ్యాయామం, చేతులతో చేసే చికిత్స (మాన్యువల్ థెరపీ) లాంటి సేవలకు 15 నిమిషాల యూనిట్ల చొప్పున బిల్లు వేస్తారు. ఒక యూనిట్ వేయాలంటే కనీసం 8 నిమిషాలు చేసి ఉండాలి. పది చికిత్స రోజులకోసారి పురోగతి నివేదిక రాయాలి. 2022 నుంచి అసిస్టెంట్లు చేసిన పనికి 85 శాతమే చెల్లిస్తున్నారు. నోట్స్ సరిగ్గా లేకపోతే క్లెయిమ్ వెనక్కొస్తుంది, చేసిన పనికి డబ్బు రాదు. అక్కడ క్లినిక్ నడపడమంటే సగం బిల్లింగ్ నడపడమే. మన దగ్గర పేషెంటు లేచి వెళ్తూ ఫోన్‌పేలో డబ్బు కొట్టి పోతాడు, ఎవరికీ ఏ కాగితమూ చూపించక్కర్లేదు. ఈ సుఖం వల్లే రాతలు ఆగిపోయాయి. బీమా కంపెనీ కోసం రాయనక్కర్లేని నోట్స్‌ను పేషెంటు కోసం రాయాలన్న ఆలోచన మనవాళ్లలో కొద్దిమందికే వచ్చింది.

రాకపోకల క్రమం గురించి ఒక మాట. "సాయంత్రం ఎప్పుడైనా రండి" అని చెప్పే క్లినిక్‌లో అందరూ ఆరు, ఏడు మధ్యనే వస్తారు. అప్పుడు ఒకరికి ఐఎఫ్‌టీ (నొప్పికి పెట్టే కరెంటు మెషిన్) పెట్టి, ఇంకొకరికి మెడనో నడుమునో మెల్లగా లాగే ట్రాక్షన్ పెట్టి, మూడోవారి భుజం పట్టుకోవాల్సి వస్తుంది. ముగ్గురికీ సరిగ్గా అందదు. టైము ఇచ్చి రమ్మనడం, ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో గుర్తు చేయడం, మధ్యాహ్నం వేళలను రిటైరైనవాళ్లకూ పక్షవాతం పేషెంట్లకూ కేటాయించడం ఖర్చు లేని పనులు. రిసెప్షన్‌లో ఉన్న మనిషి ఫోన్లు ఎత్తడంతో పాటు నిన్న రానివాళ్లకు ఫోన్ చేస్తే ఆ 13,000 జీతానికి సార్థకత.

ముందే తీసుకున్న డబ్బు

పది సిట్టింగులకు కలిపి 3,500 అని ప్యాకేజీ పెట్టడం ఇప్పుడు మామూలైంది. ముందు డబ్బు కట్టినవాళ్లు మానేయడం తక్కువ కాబట్టి ఇందులో అర్థముంది. కానీ పైన వేసుకున్న లెక్కలో 400 రేటు 350కి దిగితే ఇరవై సిట్టింగులూ నిండిన రోజున కూడా లాభం సగానికి పడిపోతుంది. మానేసేవాళ్లు నిజంగా తగ్గినప్పుడే ఈ తగ్గింపు గిట్టుబాటు. తగ్గారో లేదో చూసుకోకుండా పక్క వీధివాళ్లు ఇస్తున్నారని ఇవ్వడం దండగ.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఈ నెల పాతిక ప్యాకేజీలు అమ్మితే చేతికి 87,500 వస్తుంది. అది ఆదాయంలా కనిపిస్తుంది కానీ, నిజానికి బాకీ. 250 సిట్టింగులు ఇంకా చేసి పెట్టాలి. ఆ డబ్బుతో ఈ నెల జీతాలు ఇచ్చేస్తే వచ్చే నెల బెడ్లన్నీ నిండి ఉంటాయి, గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. మొదట్లో చెప్పిన రద్దీ క్లినిక్‌ల్లో చాలా వాటి కథ ఇదే. ప్యాకేజీ డబ్బును వేరే ఖాతాలో ఉంచి, జరిగిన సిట్టింగులకు తగ్గట్టు వారానికోసారి నడిచే ఖాతాలోకి మార్చుకోవడం మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది. మిగిలిన సిట్టింగులకు డబ్బు వెనక్కిస్తామా, ఇస్తే ఏ లెక్కన అన్నది కూడా రసీదు మీదే రాసి ఉండాలి. గొడవ వచ్చాక చెప్పే నియమాన్ని ఎవరూ ఒప్పుకోరు.

రేటు పెంచడానికి చాలామంది భయపడతారు. 400ను 450 చేస్తే, రోజుకు ఇద్దరు తగ్గి పద్దెనిమిది మందే వచ్చినా నెలకు 2,02,500 వస్తుంది. పాత రేటుతో ఇరవై మందికి వచ్చేది 2,00,000. ఇద్దరి భారం తగ్గి, మిగిలినవాళ్లకు ఎక్కువ సమయం దొరుకుతుంది. పేదవాళ్లకు తగ్గించాలనుకుంటే వాళ్లకు విడిగా తగ్గించవచ్చు. అందరికీ కలిపి తక్కువ రేటు పెట్టడం దానం కింద రాదు.

కమీషన్ అనే ఖర్చు

పేషెంటును పంపిన డాక్టరుకు వాటా ఇవ్వడం గురించి ఈ రంగంలో అందరికీ తెలుసు, బయట ఎవరూ మాట్లాడరు. ఇక్కడ దాన్ని లెక్కగా చూద్దాం. ఇరవై సిట్టింగుల్లో సగం డాక్టర్లు పంపినవే అయి, వాటి మీద నాలుగో వంతు ఇవ్వాల్సి వస్తే నెలకు 25,000 పోతుంది. అంటే లాభంలో సగం. ఆ సగాన్ని తిరిగి రాబట్టుకోవడానికి ఒకటే దారి కనిపిస్తుంది: ఏడు సిట్టింగులతో సరిపోయేవాళ్లకు పన్నెండు రాయడం. నీతి సంగతి అలా ఉంచినా, అవసరం లేని సిట్టింగులే పేషెంట్లను మధ్యలో పారిపోయేలా చేస్తాయి. అంటే కమీషన్ ఇచ్చే క్లినిక్ తన మానివేతలను తానే పెంచుకుంటోంది.

చట్టం వైపు నుంచి కూడా ఇది బలహీనమైన ఏర్పాటు. పేషెంటును పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి నిషేధించింది. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నియమావళిని జాతీయ మెడికల్ కమిషన్ అదే నెలలో నిలిపివేయడంతో ఆ పాత నియమాలే నడుస్తున్నాయి. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకలను వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తర్కం ఇక్కడా వర్తిస్తుంది. ఇచ్చిన వాటా మీద కూడా పన్ను కట్టుకోవాల్సిందే.

ఏ కమీషనూ లేకుండా పేషెంట్లను పంపే ఎముకల డాక్టర్లు, నరాల డాక్టర్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆపరేషన్ బాగా చేసినా మోకాలు వంగకపోతే మాటపడేది వాళ్లే కాబట్టి, నమ్మకమైన ఫిజియోథెరపిస్టు వాళ్లకూ అవసరం. రెండు వారాలకోసారి ఒక పేజీ ఉత్తరం పంపడం మంచి పద్ధతి. వంపు ఎంత వచ్చింది, నడక ఎలా ఉంది, ఏది అనుమానంగా ఉంది అన్నవి అందులో ఉంటే చాలు. గాయం దగ్గర ఎర్రబడిందనో, పిక్కలో వాపు ఉందనో సమయానికి ఫోన్ చేసి చెప్పిన ఫిజియోథెరపిస్టును ఏ సర్జనూ మర్చిపోడు. రిసెప్షన్ రిజిస్టర్‌లో "ఎవరు పంపారు" అన్న గడి ఒకటి పెట్టి నింపుతూ పోతే, ఆరు నెలలకు చాలా క్లినిక్‌లలో పాత పేషెంట్లు పంపినవాళ్లే ఎక్కువని తేలుతుంది. ఆ సంగతి తెలిసిన రోజున కమీషన్ భయం కొంత తగ్గుతుంది.

మెషిన్లు, పన్నులు

కొత్త మెషిన్ అమ్మడానికి వచ్చినవాళ్లు రోజుకు ఐదుగురికి పెడితే ఏడాదిలో డబ్బు వెనక్కొచ్చేస్తుందని చెబుతారు. ఆ ఐదుగురూ ఈ మెషిన్ కోసం కొత్తగా వచ్చేవాళ్లా, లేక నిన్నటిదాకా నొప్పికి అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టించుకున్నవాళ్లేనా అన్నదే ప్రశ్న. మూడు లక్షల మెషిన్ తన ఖరీదు తాను రాబట్టుకోవాలంటే 400 చొప్పున 750 సిట్టింగులు అదనంగా రావాలి. ఉన్న పేషెంట్లు ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కు మారడాన్ని లెక్కేసుకోకూడదు. పేషెంట్లు మెషిన్‌ను చూసి మురుస్తారన్నది నిజమే. వ్యాయామం నేర్పే ఖాళీ స్థలం, ఒక నిచ్చెన, కొన్ని బరువులు, సాగే రబ్బరు పట్టీలు (థెరాబ్యాండ్లు) ఎక్కువ పని చేస్తాయన్నదీ నిజమే.

పన్నుల్లో ఒక చిక్కు ఉంది. వైద్య సేవలకు, పారామెడికల్ సిబ్బంది అందించే సేవలతో సహా, జీఎస్టీ మినహాయింపు ఉంది. పేషెంటు నుంచి పన్ను వసూలు చేయనక్కర్లేదు. అందుకు బదులుగా క్లినిక్ కొనుక్కున్న వస్తువుల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. వైద్య పరికరాల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. వాణిజ్య భవనాల అద్దె మీద 18 శాతం అలాగే ఉంది. భవనం యజమానికి జీఎస్టీ నంబరు ఉంటే 30,000 అద్దె మీద మరో 5,400 పడుతుంది. అద్దె మాట్లాడుకునేటప్పుడు ఈ ముక్క అడగడం మర్చిపోతే ఆనక నెలకు పద్నాలుగు సిట్టింగులు దానికే పోతాయి.

మోకాలి బెల్టులు, నడుము బెల్టులు, సర్వైకల్ కాలర్లు క్లినిక్‌లోనే అమ్మడం ఇంకో సంగతి. పూర్తిగా మినహాయింపు ఉన్న సేవలు మాత్రమే ఇచ్చేవాళ్లకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పన్ను పడే సరుకు కొంచెం అమ్మినా మొత్తం టర్నోవర్‌ను, మినహాయింపు ఉన్నదాన్ని కూడా కలిపి, 20 లక్షల పరిమితితో పోల్చి చూస్తారు. మన లెక్కలోని క్లినిక్ నిండుగా నడిస్తే ఏడాదికి 24 లక్షలు. నెలకు నాలుగు బెల్టుల లాభం కోసం రిటర్నుల భారం నెత్తినేసుకోవడం కన్నా పక్క మెడికల్ షాపుకు పంపడమే మేలని చాలా సందర్భాల్లో ఆడిటర్లు చెప్పేది ఇందుకే. బరువు తగ్గించడం, ఫిట్‌నెస్ తరగతులు కూడా వైద్యం ఖాతాలోకి రావు.

చేతులు మారినప్పుడు

జూనియర్ ఫిజియోథెరపిస్టు ఏడాదిన్నర పనిచేసి, చేయి తిరిగాక వెళ్లిపోతాడు. కొందరు పీజీ కోర్సు ఎంపీటీకి, కొందరు గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు. కొందరు రెండు వీధుల అవతల సొంత బోర్డు పెడతారు, యజమానులకు కోపం వచ్చేది ఈ చివరివాళ్ల మీదే. చేరేటప్పుడే ఐదు కిలోమీటర్ల లోపు క్లినిక్ పెట్టనని బాండు రాయించుకునేవాళ్లు ఉన్నారు. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక సొంత వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఇలాంటి ఒప్పందం చెల్లదు. ఆ కాగితం భయపెట్టడానికి పనికొస్తుందేమో, కోర్టులో నిలవదు. పేషెంట్ల జాబితా ఎత్తుకుపోకూడదన్న షరతుకు కొంత బలం ఉంటుంది.

అంతకన్నా పనికొచ్చేది జీతం కట్టే తీరు. స్థిర జీతానికి తోడు, జరిగిన సిట్టింగుల మీద కాకుండా పూర్తయిన కోర్సుల మీద ప్రోత్సాహకం ఇస్తే పేషెంటును చివరిదాకా తీసుకురావాలన్న ఆసక్తి ఉద్యోగికీ ఉంటుంది. సిట్టింగ్‌కింత అని ఇస్తే సిట్టింగులే పెరుగుతాయి. ప్రతి పేషెంటునూ వారానికోసారైనా యజమాని చూసి, కొలతలు తానే తీసుకుని రికార్డు రాస్తే, మనిషి మారినా పేషెంటు క్లినిక్‌లోనే ఉంటాడు.

ఇళ్లకు వెళ్లి చేసే సిట్టింగులు కొత్తగా చదువు ముగించినవాళ్లకు మంచి ఆరంభం. అద్దె లేదు, ఒక పోర్టబుల్ మెషిన్, బండి ఉంటే చాలు. క్లినిక్ ఉన్నవాళ్లకు అదే వ్యవహారం తిరగబడుతుంది. ఇంట్లో ముప్పావు గంట, రానూపోనూ ఇంకో ముప్పావు గంట. 600 తీసుకున్నా ఆ గంటన్నరలో క్లినిక్‌లో ఇద్దరిని చూసి 800 సంపాదించవచ్చు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి సాయంత్రం బయల్దేరినవాళ్లకు ఈ ముప్పావు గంట లెక్క కూడా నవ్వు తెప్పిస్తుంది. ఒకే అపార్ట్‌మెంటులో ముగ్గురు దొరికితే, లేదా క్లినిక్ బోసిగా ఉండే మధ్యాహ్నం పూట వెళ్తే గిట్టుబాటు అవుతుంది. అమెరికా నుంచి కొడుకో కూతురో డబ్బు పంపించి, అమ్మ నడుస్తున్న వీడియో రోజూ అడిగే కేసులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. వాళ్లు రేటు దగ్గర బేరమాడరు, సమాచారం దగ్గర మాత్రం రాజీపడరు. ఆ సమాచారం పంపే సమయాన్నీ ఫీజులో కలుపుకోవాలి.

కాగితాలు

కేంద్రం 2021లో తెచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఫిజియోథెరపీ వచ్చింది. బోర్డు మీద పేరు ముందు "డాక్టర్" రాసుకోవడంపై తర్జనభర్జన మాత్రం ఆగలేదు. వద్దంటూ 2025 సెప్టెంబర్ 9న ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆదేశాన్ని మర్నాడే వెనక్కి తీసుకున్నారు. వివాదం ఎటు తేలినా పేరు వెనక పీటీ (ఫిజియోథెరపిస్టు) అని, కింద రిజిస్ట్రేషన్ నంబరు వేసుకున్న బోర్డుకు ఇబ్బంది ఉండదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ దగ్గర క్లినిక్ నమోదు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు మామూలే. పట్టేసిన కండరంలో సన్నని సూదులు గుచ్చే డ్రై నీడ్లింగ్ చేసేవాళ్లకు 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకే వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.

బిల్లు గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోథెరపీకి మామూలు ఆరోగ్య బీమా పాలసీలు డబ్బివ్వవు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కొన్నాళ్ల ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో ఉంటుంది. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో అది 60 రోజులు. డాక్టరు రాసిన చీటీ, జబ్బు పేరు, తేదీలవారీగా సిట్టింగులు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బిల్లు ఇస్తే పాలసీ షరతులను బట్టి మోకీలు ఆపరేషన్ అయిన పేషెంటుకు ఆ డబ్బు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. తెల్ల కాగితం మీద మొత్తం రాసిస్తే రాదు. డబ్బు తిరిగొచ్చే పేషెంటు మధ్యలో మానేయడు.

పేషెంట్ల నడక వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే అలవాటు పెరిగింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. నోటిమాట సమ్మతితో సరిపెట్టుకోకూడదు. ఎక్కడ పెడతారో చెప్పి సంతకం తీసుకోవాలి, తీసేయమంటే తీసేయాలి.

రెండో బ్రాంచ్

మొదటి క్లినిక్ సాయంత్రాలు నిండగానే రెండోది తెరవాలన్న ఉబలాటం పుడుతుంది. అక్కడా అద్దె, జూనియర్, రిసెప్షన్, మెషిన్ల వాయిదా అన్నీ కలిపి అదే లక్ష ఖర్చు అనుకుందాం. యజమాని మొదటి క్లినిక్‌లోనే ఉంటారు కాబట్టి రెండోచోట పనిచేసేది ఒక జత చేతులే. రోజుకు పది, నెలకు 250 సిట్టింగులు, లక్ష రూపాయలు. ఒక్క గంట కూడా ఖాళీ లేకుండా, ఒక్కరు కూడా మానకుండా నడిచినా మిగిలేది సున్నా. యజమాని అటూ ఇటూ తిరగడం మొదలుపెడితే మొదటి క్లినిక్‌లో ఆయన చూసే పది కూడా తగ్గుతాయి.

ఉన్న చోటే ఇంకో ఫిజియోథెరపిస్టును పెట్టుకుని ఉదయం ఆరింటికే తెరిచి, రాత్రి తొమ్మిది దాకా నడిపితే అదనంగా పడేది 22,000 జీతం, కొంచెం కరెంటు. దానికి నెలకు 55 సిట్టింగులు, రోజుకు రెండు పైచిలుకు చాలు. ఆఫీసుకు ముందు మెడనొప్పికి వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, దుకాణం కట్టేశాక వచ్చే వ్యాపారులు ఆ వేళల కోసమే చూస్తుంటారు.